ఆముదం మీదికి నెట్టిన తొమ్మిది రోజులు

నేను రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతున్నారు. ముప్పై మూడేళ్ళకి ఎవరు రిటైరవుతారు? కానీ పదకొండేళ్ళు పసిపిల్లల తలల మీదికి వంగి వంగి మెడలో డిస్కు అరిగిపోయింది. ఇక ఈ పని వద్దని డాక్టరు రాసిచ్చాక దాన్ని ఇంకేమనాలో నాకు తెలీదు. నా కుర్చీలోకి ఇద్దరమ్మాయిలు వస్తున్నారు. మిషను ఎలా నడపాలో కంపెనీ వాళ్ళు వచ్చి నేర్పుతారు. వాళ్ళు నేర్పనిది నేను రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పమంటే చెప్పలేను, నలుగురి ముందు నా గొంతు పెగలదు. రాయడమైతే చిన్నప్పటి నుంచీ అలవాటే.

పని పేరు ఈఈజీ. తల మీద ఇరవై ఒక్క తీగలు అంటించి, మెదడులో పుట్టే సన్నటి విద్యుత్ అలల్ని కంప్యూటర్ తెర మీద గీతలుగా రికార్డు చేస్తాం. రాజమండ్రిలో ఒక పిల్లల ఆసుపత్రి మాది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నెలలు నిండకుండా పుట్టి, అద్దాల పెట్టెలో ఉండి బయటపడ్డ పిల్లలు. గీతలు చదివి ఇదీ జబ్బు అని చెప్పేది నరాల డాక్టరు గారు. రికార్డు చేసి, పక్కన రెండు ముక్కలు రాసి పంపడం వరకే నా పని. ఆ రెండు ముక్కల గురించే ఇదంతా.

గది

మా గది రెండో అంతస్తులో చివరిది. కిటికీకి నల్ల పరదా, ఒక మంచం, ఒక మిషను, ఒక స్టూలు. పిల్లలు నిద్రపోతేగాని రికార్డు కుదరదు. పది నిమిషాల్లో పడుకునేవాళ్ళుంటారు, గంటన్నర ఏడిపించేవాళ్ళుంటారు. అంతసేపూ తల్లితో ఒక్క మాటా మాట్లాడకుండా ఎలా కూర్చోవాలో నాకు బాగా తెలుసు. రిజిస్టరు కింద ఎప్పుడూ ఒక నవల ఉండేది. తెర వెలుగులో చదువుకునేదాన్ని. ఆ గదిలో చదివినన్ని పుస్తకాలు కాలేజీలో కూడా చదవలేదు. గొప్పకి చెప్పడం లేదు. ఆ సమయంలో తల్లిని అడగవలసినవి ఎన్నో ఉంటాయని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎవరూ మొత్తం చెప్పరు

ఫిట్స్ అనే మాట మా దగ్గరికి వచ్చేవాళ్ళ నోటి నుంచి తొందరగా రాదు. ఉలికిపాటు అంటారు. జడుసుకున్నాడంటారు. పళ్ళొచ్చే ముందు ఇలాగే ఉంటుందట కదండీ అంటారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే తల్లి తరఫువాళ్ళూ, తండ్రి తరఫువాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మా వైపు లేదండి అంటారు. మండపేట నుంచి వచ్చిన ఒకాయన, పాపకి మందు రోజూ రెండు పూటలా వేస్తున్నామని ఒట్టు వేసి మరీ చెప్పాడు. నమ్మకం కోసం సంచిలోంచి సీసా తీసి చూపించాడు. మూతకి సీలు అలాగే ఉంది.

ఆసుపత్రులు మాత్రం మొత్తం చెబుతాయా? నెలలు తక్కువ పిల్లాణ్ణి ఇంటికి పంపేటప్పుడు, మెదడులో రక్తస్రావం జరిగింది, ముందు ముందు ఫిట్స్ రావచ్చు అన్న ముక్క కాగితాల్లో మూడో పేజీలో ఇంగ్లీషులో ఉంటుంది. తల్లికి నోటితో చెప్పినవాళ్ళు ఉండరు. ఆవిడ ఆ కాగితాల్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచి, ప్రతి చోటికీ తెచ్చి, అందులో ఏముందో తెలియకుండా అందరికీ ఇస్తుంది. అందుకని మా పనిలో సగం అనుమానమే. ఎవరిని ముందు అనుమానించాలన్నదే మిగతా సగం. నేను తప్పింది అక్కడే.

తీగని అనుమానించమన్నారు

నాకు పని నేర్పినాయన్ని అందరూ మాస్టారు అనేవారు. ఎక్కడో పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళు చేసి, రిటైరయ్యాక మా దగ్గర చేరారు. ఆయన పాఠం ఒకటే.

"తెర మీద వింతగా ఏదైనా కనపడితే ముందు తీగని అనుమానించమ్మా. తర్వాత ఫ్యాను. తర్వాత తల్లి చెయ్యి. పిల్లాడి మెదడు ఆఖర్న."

నేను చేరిన ఆరో నెలలో ఒక పాపకి రికార్డు చేస్తుంటే వెనక వైపు తీగల్లో లయగా అలలు వచ్చాయి. సెకనుకి రెండేసి, గీసినట్టు. డ్యూటీ డాక్టరు చూసి ఇది ఫిట్సే అన్నారు. సూది మందు తెప్పిస్తున్నారు. పాప అమ్మమ్మ చెయ్యి దుప్పటి కింద కదులుతుండటం నాకు కనిపించింది. జోకొడుతోంది. ఒక్క నిమిషం చెయ్యి తీయండి మామ్మగారూ అన్నాను. చెయ్యి తీసింది, అలలు ఆగిపోయాయి. మళ్ళీ కొట్టమన్నాను, మళ్ళీ వచ్చాయి. ఆ రోజు మాస్టారు క్యాంటీనులో నాకు పెసరట్టు ఇప్పించారు.

ఆ పెసరట్టు నాకు చాలా చెడు చేసింది. ఆ తర్వాత ఏ వింత కనపడినా దాని వెనక ఒక మామ్మ చెయ్యి ఉంటుందని వెతకడం అలవాటైంది.

ఆ మంగళవారం

రెండో ఏడు. మాస్టారు మానేసి నాలుగు నెలలైంది, గదిలో నేనొక్కదాన్నే. తణుకు దగ్గర ఒక పల్లె నుంచి వ్యవసాయం చేసుకునే కుటుంబం వచ్చింది. నాయనమ్మ మాణిక్యమ్మ గారు, కోడలు దుర్గ, దుర్గ ఒళ్ళో పండు. పండు ఏడో నెలలోనే పుట్టి నెలన్నర అద్దాల పెట్టెలో ఉన్నాడు. మెదడులో రక్తస్రావం జరిగినట్టు కాగితాల్లో ఉంది. ఇప్పుడు పుట్టి ఆరు నెలలు దాటింది. ఉలికిపడుతున్నాడని తీసుకొస్తే మా పిల్లల డాక్టరు మేడమ్ ఈఈజీ రాశారు.

టోపీ తీయగానే నా ప్రాణం ఉసూరుమంది. తలంతా జిడ్డు. నడినెత్తిన ఆముదం ఇంకా తడిగా మెరుస్తోంది. జిడ్డు మీద తీగలు అంటుకోవు, ఈ పనిలో మాకు అదే పెద్ద బెడద. తలకి నూనె రాసుకు రావద్దని చీటీలో రాశాం కదండీ అన్నాను.

"నూనె కాదమ్మా, ఆముదం" అన్నారు మాణిక్యమ్మ గారు. "మాడు ఎండకూడదు కదా. నెలలు తక్కువ పిల్లాడు, ఇదుగో, ఇంకా మెత్తగానే ఉంది చూడు."

ఆవిడ గొంతులో నన్ను తప్పు పట్టినట్టు అనిపించి చిరాకేసింది. దూదితో, స్పిరిట్‌తో, గోరువెచ్చని నీళ్ళతో మూడుసార్లు తుడిచాను. పండు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. రికార్డు మొదలుపెట్టాను.

అలాంటి గీతలు అంతకుముందు నేను చూడలేదు. నిద్రపోయే పిల్లల మెదడులో అలలకి ఒక వరస ఉంటుంది. ఇక్కడ వరస లేదు. ఒక్కో తీగలో ఒక్కో రకంగా, ఎత్తుగా, దేనికీ దేనితోనూ పొత్తు లేకుండా లేస్తున్నాయి. అరగంట తర్వాత పండు లేచాడు. లేస్తూనే రెండు చేతులూ ఒక్కసారి చాచి తల ముందుకి వంచాడు. కాసేపాగి మళ్ళీ. మళ్ళీ. ఏడెనిమిది సార్లు. అలా వంగినప్పుడల్లా తెర మీద అలలు ఒక్క క్షణం చదునైపోతున్నాయి.

దుర్గ మెల్లగా, ఇవేనండి, అంది. ఆవిడ చేతిలో ఫోనుంది. కొంచెం పైకెత్తి అత్తగారి వైపు చూసి మళ్ళీ దించేసింది. నేను చూశాను. అందులో ఏముందని అడగలేదు. ఆవిడ బిడియం నాకు అర్థమైంది, అది నాలాంటిదే. అందుకే వదిలేశాను.

పిల్లాడు కదిలితే తీగలు కదులుతాయి, జిడ్డు మీద మరీనూ అని నాకు నేను చెప్పుకున్నాను. కాగితం మీద రెండు ముక్కలు రాశాను: తలకి నూనె ఉన్నందువల్ల రికార్డు సరిగా రాలేదు. శుభ్రం చేసుకుని మళ్ళీ రావాలి.

నరాల డాక్టరు గారు విశాఖ నుంచి గురువారం గురువారం వచ్చేవారు. మిగతా రోజుల్లో మేము పంపినవి కంప్యూటర్లో చూసేవారు. అంతకు రెండు నెలల ముందు ఒక పాడైన రికార్డు పంపితే ఫోన్ చేసి, చెత్త పంపి నా టైము తినకండి అన్నారు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. అప్పటి నుంచి బాగా రాలేదనుకున్నవి పంపడం మానేశాను. పండు రికార్డు కూడా పంపలేదు. పై వారం గురువారం రమ్మన్నాను. మేడమ్ నా కాగితం చూసి సరే అన్నారు.

తలుపు దగ్గర దుర్గ ఆగింది. వీడు నవ్వడం మానేశాడండి అంది. అలాంటివి మేడమ్ గారికి చెప్పాలండి, నాకు కాదు అన్నాను. మర్యాదగానే అన్నాను.

నంబర్లు

తొమ్మిది రోజుల తర్వాత వచ్చారు. తల ఎండుగడ్డిలా ఉంది. తీగలు పది నిమిషాల్లో అంటుకున్నాయి. తెర మీద మళ్ళీ అవే గీతలు.

ఈసారి పంపాను. డాక్టరు గారు ఆ రోజు ఆసుపత్రిలోనే ఉన్నారు. పావుగంటలో గదికి వచ్చి, పండు చేతులు చాచి వంగడం కళ్ళారా చూసి, ఇవి ఉలికిపాట్లు కాదన్నారు. ఏడాది లోపు పిల్లలకి వచ్చే ఒక రకం ఫిట్స్ ఇది. పుట్టినప్పుడు మెదడు దెబ్బతిన్న పిల్లల్లో ఎక్కువ చూస్తాం. ఫిట్స్‌లా కనపడవు కాబట్టి అందరూ మోసపోతారు. లోపల మాత్రం మెదడు నేర్చుకున్నది పోతూ ఉంటుంది, ఎంత తొందరగా ఆపితే అంత మంచిది. ఇవాళే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలని మేడమ్‌కి కబురు చేశారు.

వాళ్ళు కిందికి వెళ్ళాక మొదటి రికార్డు తీయమన్నారు. ప్రతి తీగ పక్కనా ఒక నంబరు ఉంటుంది. తీగ ఎంత బాగా అంటుకుంటే ఆ నంబరు అంత తక్కువ. డాక్టరు గారు వేలు పెట్టి పై నుంచి కింద దాకా ఒక్కొక్కటే చూశారు.

"నంబర్లన్నీ బాగున్నాయి కదా. మరి నూనె ఎక్కడుంది?"

నేను తెర మీది నంబర్లనే చూస్తున్నాను.

"తలని చూసి రాశారా, తెరని చూసి రాశారా?"

ఇకమీదట ఎలాంటి రికార్డయినా తనకి పంపమని చెప్పి వెళ్ళిపోయారు. చెత్త పంపవద్దన్నది మీరే కదా అని నేను అనలేదు. ఆ తప్పులో ఆయన వాటా ఉంది. కానీ ఫోన్ తీసి అడిగితే తిట్టేవారేమో గాని, వినేవారు. ఇవాళ అది నాకు తెలుసు.

మేడమ్ అన్న మాట

ఫైలు ఇవ్వడానికి కిందికి వెళ్ళాను. మేడమ్ వాళ్ళిద్దరికీ జబ్బు గురించి ఓపిగ్గా చెబుతున్నారు. నన్ను చూశారు. చూసి, మాణిక్యమ్మ గారి వైపు తిరిగి మెత్తగా అన్నారు.

"తలకి నూనె లేకుండా వచ్చుంటే పోయిన వారమే తెలిసేదమ్మా. పోన్లెండి, ఇప్పుడైనా తెలిసింది."

మాణిక్యమ్మ గారు తన అరచేతులు చూసుకున్నారు. దుర్గ అత్తగారిని చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. నేను ఫైలు బల్ల మీద పెట్టి, పైన ఇంకో పాప నిద్రపోతోందని చెప్పి వచ్చేశాను. పైన ఏ పాపా లేదు.

నంబర్ల సంగతి మేడమ్‌కి అప్పటికే తెలుసా? తెలిసే ఆసుపత్రి పరువు కోసం అన్నారా, లేక నా కాగితాన్ని నమ్మి అన్నారా? ఎప్పుడూ అడగలేదు. తెలుసని నా అనుమానం. అలా అనుమానించడం నాకు హాయిగా ఉంటుంది కాబట్టి ఆ అనుమానాన్ని కూడా నేను పూర్తిగా నమ్మను.

ఇంజెక్షన్లు కొన్ని వారాలు నడిచాయి. రెండో వారంలో వంగడం ఆగింది. రెండు నెలలకి మళ్ళీ నవ్వాడు. ఇప్పుడు పండుకి పదేళ్ళు నిండుతున్నాయి. కుడి కాలు కాస్త ఈడుస్తాడు, రెండేసి మాటలు కలిపి మాట్లాడతాడు, ఫ్యాన్లంటే ఇష్టం. ఇది ఆ తొమ్మిది రోజుల వల్లనా, పుట్టినప్పటి రక్తస్రావం వల్లనా అని ఒకసారి డాక్టరు గారిని అడిగాను. ఎవరూ చెప్పలేరు అన్నారు. ఆ ఒక్క వాక్యం కింద చాలా ఏళ్ళు తలదాచుకున్నాను.

డైరీ

కొవ్వూరు నుంచి వచ్చి వెళ్ళేదాన్ని. సాయంత్రం బస్సు బ్రిడ్జి ఎక్కే ముందు ట్రాఫిక్‌లో ఆగితే డైరీ రాసుకునేదాన్ని. ఇది రాయడానికి ముందు పాత డైరీలు తీశాను. ఆ మంగళవారం ఇలా ఉంది:

"ముసలావిడ మొండి. మూడుసార్లు తుడిచాను. నంబర్లు దిగాయి. అయినా అలలు అలాగే ఉన్నాయి. ఇలాంటివి ఎప్పుడూ చూడలేదు. నూనె అయితే అన్ని తీగల్లోనూ ఎందుకుంటుంది? డాక్టరు గారికి ఫోన్ చేయాలా? చేస్తే ఏమంటారో. నవల సగం అయింది, బాగుంది."

తెలియక జరిగిందనే ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. తెలియక కాదు. నంబర్లు చూశాను, అనుమానం కూడా వచ్చింది. ఆ అనుమానాన్ని ఫోన్లో పెట్టాల్సింది డైరీలో పెట్టాను.

రాబోయే అమ్మాయిలకి నేను చెప్పేది ఇదే. బిడియం మంచి గుణమని మనకి చిన్నప్పటి నుంచీ చెబుతారు. ఈ గదిలో అది మంచి గుణం కాదు. ఎవరైనా ఫోను పైకెత్తి దించేస్తే, చూపించమని అడగండి. బాగా రాలేదనుకున్న రికార్డు ముందు పంపండి. తీగని అనుమానించడం తప్పు కాదు, కానీ నంబరు చూశాక ఇంక దాన్ని వదిలేయండి. సులువుగా తప్పు మోపడానికి గదిలో ఒక ముసలావిడ ఉంటే, మీ మీద మీకు అనుమానం రావాలి.

శుభ్రమైన తల

పండుని ఏడాదికోసారి పరీక్షకి తెస్తారు. మా గదికి అంత శుభ్రమైన తల ఇంకొకటి రాదు. జుట్టు పొడిగా, రేగిపోయి ఉంటుంది. నా పని తొందరగా అవుతుందని సంతోషించేదాన్నే గాని, ఎందుకలా ఉంటుందని ఎప్పుడూ అడగలేదు.

నా ఆఖరి వారంలో వచ్చారు. ఈసారి మాణిక్యమ్మ గారు ఒక్కరే తెచ్చారు. దుర్గ చిన్నదాన్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. పండు తర్వాత ఆడపిల్ల పుట్టింది, దానికిప్పుడు ఐదేళ్ళు.

"చూసుకో అమ్మాయ్, చుక్క లేదు" అన్నారు మాణిక్యమ్మ గారు, పండు తల నా ముందుకి వంచి. "ఆ రోజు నుంచీ వీడి తలకి చుక్క తగలనిస్తే ఒట్టు. చిన్నదాని తల మీదైతే నేను చెయ్యే పెట్టలేదు. మా కోడలు పెట్టనివ్వదు. దాన్ననడానికేముందిలే, ఒకసారి చేసింది చాలదూ?"

నవ్వుతూనే అన్నారు. పాత సంగతి కాబట్టి నవ్వొచ్చన్నట్టు.

నా చేతిలో మొదటి తీగ ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేశాను. "ఆ రోజు ఆముదం వల్ల కాదండి, మామ్మగారూ" అన్నాను. తర్వాతదంతా తడబడుతూ చెప్పాను. మూడుసార్లు తుడిచాక తల బాగానే ఉందని, మిషను ఆ మాట చెబుతూనే ఉందని, తప్పుగా రాసింది నేనని, రికార్డు డాక్టరు గారికి పంపనిది నేనని, మేడమ్ ఆ మాట అన్నప్పుడు కాదని చెప్పకుండా వెళ్ళిపోయింది నేనని.

పండు ఆగి ఉన్న ఫ్యాను వైపు చూస్తున్నాడు, తిరుగుతుందేమోనని.

"ఈ మాట మా కోడలికి తెలుసా?"

"తెలీదండి."

"చెప్పు. నేను చెబితే నమ్మదు."

ఆవిడే ఫోను కలిపి ఇచ్చారు. నా పేరు చెప్పి, ఈ వారంతో మానేస్తున్నానని చెప్పి, అదంతా మళ్ళీ చెప్పాను. దుర్గ అడ్డురాకుండా వింది.

"ఇప్పుడెందుకు చెబుతున్నారండి? మానేస్తున్నారు కాబట్టా?"

"అవునండి" అన్నాను. ఇంకే సమాధానమూ నిజం కాదు.

"ఆ రోజు నా ఫోన్లో వీడియో ఉంది. జబ్బు పిల్లాణ్ణి తీస్తే దిష్టని ఇంట్లో తిట్టినా తీశాను. మీరు అడుగుతారేమోనని చూశాను. అత్తయ్యగారికివ్వండి."

ఫోను ఇచ్చి వరండాలోకి వచ్చేశాను. తలుపు సరిగా పడదు, లోపలి మాట వినిపిస్తూనే ఉంది. ఊఁ అంటున్నారు. చాలాసేపు ఊఁ అన్నదే. తర్వాత, తిన్నాడు, రెండిడ్లీ తిన్నాడు అన్నారు. సర్లే, నేనొస్తున్నాగా, ఏడవకు అన్నారు.

నన్ను లోపలికి పిలిచారు. కళ్ళు తుడుచుకున్నట్టున్నారు, నా వైపు చూడలేదు. పండు జుట్టులో వేళ్ళు పెట్టి, అక్కడక్కడా చిక్కు తీస్తున్నారు.

"అయితే ఇంక వీడి తలకి రాయొచ్చా?"

"రాయొచ్చండి. ఇవాళ పరీక్ష అయిపోయాక."

"సరే. నీ పని కానీ" అని, ఎప్పటిలాగే రెండు చేతులతో పిల్లాడి తల కదలకుండా పట్టుకున్నారు.

ఇరవై ఒక్క తీగలూ అంటించాను. పండు పడుకున్నాడు. ఆ రోజు నవల తీయలేదు. నంబర్లు చూశాను, గీతలు చూశాను, మళ్ళీ నంబర్లు చూశాను. అయ్యాక రెండు ముక్కలు రాసే చోట ఇలా రాశాను: తల శుభ్రంగా ఉంది. మొదటి నుంచి చివరి వరకు మొత్తం పంపుతున్నాను.